లోగిలి అంటే ఇల్లు ఒక్కటేనా?

సంపాదక మహాశయా,

పల్లెల్లో నిలిచి ఉన్న పాత రైతు లోగిళ్ల గురించి పత్రికల్లో అప్పుడప్పుడు సచిత్ర కథనాలు వస్తుంటాయి. వాటిని ఇష్టంగా చదివే పాఠకుల్లో నేనూ ఒకణ్ణి. అయితే ఏ దేశపు ఇంటి గురించి రాసినా, ఎవరు రాసినా, ఆ కథనాల్లో ఒక లోటు కనిపిస్తూనే ఉంది. బొమ్మలో చెక్కడపు పని ఉన్న సింహద్వారం ఉంటుంది, నునుపు తేలిన స్తంభాలు ఉంటాయి, మహా అయితే మేడమెట్లు ఉంటాయి. ఆ ఇంటిని తరాల తరబడి పోషించిన పశువుల కొట్టం, గాదె, కళ్లం, బావి, గడ్డివామి వేసిన చోటు, బండి తిరగడానికి వదిలిన జాగా మాత్రం బొమ్మ అంచుకు అవతలే ఉండిపోతాయి. కూల్చివేత మొదలయ్యేది కూడా ఆ అంచుకు అవతలే. ముందు కొట్టం పోతుంది, ఆ తర్వాత గాదె పోతుంది, చివరికి ఇల్లు ఒక్కటి మిగిలితే దానికి రంగులు వేసి వారసత్వ గృహం అని పేరు పెడతారు. ఇలా జరుగుతున్న నష్టం ఎంత పెద్దదో మీ పత్రిక ద్వారా పాఠకుల ముందు ఉంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పాత కట్టడాల కొలతలు తీసే పనిలో కొన్నేళ్లు గడిపాను. ఆ పనిలో ప్రతిచోటా ఎదురైన అనుభవం ఒకటుంది. టేపు పట్టుకుని కొట్టం వైపు నడిస్తే ఇంటివారు మొహమాటపడి, అక్కడేముందండీ, ఇల్లు చూద్దురు గాని రండి, అనేవారు. వారి మొహమాటం నాకు అర్థమవుతుంది. అతిథికి పేడకడి చూపించాలని ఎవరికి ఉంటుంది? కానీ సేద్యం ఎలా సాగిందో చెప్పగలిగేది ఆ కొట్టమే. ఇల్లు ఆ కుటుంబం నలుగురికీ ఎలా కనిపించాలనుకుందో చెబుతుంది. కొట్టం ఆ కుటుంబం ఎలా బతికిందో చెబుతుంది.

ఇంగ్లండ్‌లోని పాత ధాన్యపు కొట్టాలను చూడండి. పొడవాటి గోడలు రెండింటికీ ఒకదానికొకటి సూటిగా ఎదురెదురుగా పెద్ద తలుపులు ఉంటాయి. ఆ రెండు తలుపుల మధ్య జాగాయే కళ్లం. కోసిన పంట కట్టలను లోపల ఒక పక్కన పేర్చి, శీతకాలమంతా కొద్దికొద్దిగా దించి, కర్రలతో కొట్టి నూర్చేవారు. రెండు తలుపులూ తెరిస్తే వాటి మధ్య గాలి ఒరవడిగా వీస్తుంది, ఆ గాలిలోనే తూర్పారబట్టేవారు. అంటే ఆ తలుపుల కొలత నిర్ణయించినది అందం గురించిన ఆలోచన కాదు, పొట్టు ఎగిరిపోవడానికి కావలసిన గాలి. 1780లలో స్కాట్లండ్‌కు చెందిన ఆండ్రూ మీకిల్ నూర్పిడి యంత్రాన్ని రూపొందించాక, ఆ యంత్రం ఊళ్లకు చేరిన కొద్దీ ఎదురెదురు తలుపుల అవసరం తగ్గిపోయింది. కొన్ని కొట్టాల్లో ఒక తలుపును ఇటుకలతో మూసేశారు. చూసేవారికి అది కేవలం మూసేసిన తలుపు, తెలిసినవారికి చేతి నూర్పిడి ఆగిపోయిన కాలానికి అది గుర్తు. దాన్ని 'సరిచేసి' పాత తలుపు మళ్ళీ బిగించేవారు తాము చరిత్రను కాపాడుతున్నామనే అనుకుంటారు!

లండన్ పశ్చిమ శివార్లలో హీత్రో విమానాశ్రయానికి దగ్గరగా హార్మండ్స్‌వర్త్ అనే ఊరుంది. అక్కడ 1426లో కట్టిన ధాన్యపు కొట్టం ఒకటి ఇప్పటికీ నిలబడి ఉంది. దాని పొడవు సుమారు 58 మీటర్లు. ఓక్ దూలాలతో, ఇరువైపులా స్తంభాల వరుసలతో లోపల అడుగుపెట్టినవారికి ప్రార్థనా మందిరం గుర్తుకు వస్తుంది. ఆ భూములు అప్పట్లో వించెస్టర్ కాలేజీ అనే పాఠశాలవి. అంత పెద్ద కొట్టం ఎందుకు అవసరమైందో ఆలోచిస్తే మధ్యయుగంలో పంట ఎవరి పొలంలో పండి ఎవరి కప్పు కిందికి చేరేదో తెలిసిపోతుంది. 1970ల దాకా దాన్ని వ్యవసాయానికే వాడారు. తర్వాత చాలాకాలం పట్టించుకునేవారు లేక పాడవుతూ వచ్చిన ఆ కట్టడాన్ని చివరికి ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ కొని తన సంరక్షణలోకి తీసుకుంది. ఒక కొట్టాన్ని జాతి సంపదగా గుర్తించడానికి ఆ దేశానికి కూడా చాలాకాలమే పట్టిందని ఒప్పుకోవాలి.

ఇల్లు, కొట్టం, కార్ఖానా అన్నీ ఒకే కప్పు కింద ఇమిడిపోయిన లోగిళ్లు కూడా ఉన్నాయి. జపాన్‌లోని షిరకావా-గో, గోకయామా ప్రాంతాల రైతు గృహాలను 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రెండు చేతులు జోడించినట్టు నిటారుగా లేచే ఆ గడ్డి కప్పులను చూసి పర్యాటకులు ముచ్చటపడతారు. మంచు జారిపోవడానికే ఆ వాలు అని మార్గదర్శకులు చెబుతారు, అది నిజమే. అయితే ఆ కప్పు కింద అంతస్తులు అంతస్తులుగా ఉన్న అటకల మీద పట్టుపురుగులు పెంచేవారు. కింద, పొయ్యికి దగ్గరగా నేలలో తవ్విన గుంటల్లో మట్టి, ఆకులు, పట్టుపురుగుల పెంటికలు కలిపి ఏళ్ల తరబడి మాగబెట్టి, తుపాకీ మందుకు కావలసిన సురేకారం తీసేవారు. వరిసాగుకు చాలినంత నేల లేని కొండ లోయలో ఆ కుటుంబాలు బతికి బట్టకట్టడానికి ఈ రెండు పనులు ఆదరవు అయ్యాయి. కప్పు తిరిగి నేయాల్సి వచ్చినప్పుడు ఊరంతా వచ్చి కూలి లేకుండా పనిచేసే కట్టుబాటు అక్కడ ఉంది. పొయ్యి దగ్గరి గుంటను మరచి కప్పును మాత్రం మెచ్చుకుంటే ఆ ఇల్లు మనకు సగమే అర్థమైనట్టు.

స్కాట్లండ్‌కు వాయవ్యంగా ఉన్న లూయిస్ దీవిలో ఆర్నోల్ అనే పల్లె ఉంది. అక్కడ భద్రపరచిన ఒక రైతు గృహంలో మనుషులకూ పశువులకూ ప్రవేశం ఒక్కటే. గది మధ్య నేల మీదే పీట్ (బురద నేలల్లో తవ్వి ఎండబెట్టిన మట్టి ఇంధనం) మంట మండేది, పొగగొట్టం ఉండేది కాదు. పొగ గడ్డి కప్పులోకి ఎక్కి, అక్కడ పేరుకుని, నెమ్మదిగా బయటికి పోయేది. ఇప్పటివారికి అది దరిద్రంలా కనిపించవచ్చు. కానీ మసిపట్టిన ఆ గడ్డిని తీసి పొలంలో ఎరువుగా వేసేవారు. పొలంలో నుంచి వచ్చిన గడ్డి కప్పు అయి, పొగ తాగి, తిరిగి పొలానికే చేరేది. పశువుల వేడి మనుషులకూ అందేది. 1960ల దాకా జనం నివసించిన ఆ ఇంటిని పొగ వాసనతో సహా కాపాడుతున్నారు. ఆ ఇంటి కప్పును పొలం నుంచి విడదీసి చూడలేం.

ఇక ఈ కట్టడాల గోడల్లో, కప్పుల్లో దాగి ఉన్న సాక్ష్యం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామందికి దీని సంగతి తెలియదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన వ్యవసాయ శాస్త్రవేత్త జి. డబ్ల్యు. హెండ్రీ గత శతాబ్దం తొలి భాగంలో స్పానిష్ కాలపు కట్టడాల పచ్చి ఇటుకలను సేకరించి, వాటిని విడదీసి, లోపల చిక్కుకున్న గింజలను, గడ్డిని, కలుపు మొక్కల విత్తనాలను పరిశీలించారు. ఇటుక కోసేటప్పుడు మట్టిలో కలిపిన గడ్డి ఆ ఏటి పొలంలోదే కదా! ఏ కాలంలో అక్కడ ఏ పంట పండింది, ఏ కలుపు ఏ పంటతో పాటు సముద్రం దాటి వచ్చింది అన్న ప్రశ్నలకు కాగితాల్లో దొరకని జవాబులు ఆయనకు ఇటుకల్లో దొరికాయి. స్పానిష్ వారు 1769లో అక్కడ తొలి మిషన్ (క్రైస్తవ మత ప్రచార కేంద్రం) కట్టకముందే ఒక కలుపు మొక్క ఆ నేలకు చేరుకుందని కూడా ఆయన గుర్తించారు.

దక్షిణ ఇంగ్లండ్‌లో, ముఖ్యంగా డెవన్ ప్రాంతంలో, ఇంతకంటే వింతైన సంగతి బయటపడింది. అక్కడ గడ్డి కప్పు పాతబడితే మొత్తం విప్పకుండా పై పొరలు తీసి కొత్త గడ్డి వేసేవారు. అందువల్ల అడుగు పొర వందల ఏళ్లుగా కదలకుండా ఉండిపోయింది. పొగగొట్టాలు రాకముందు ఇంటి నడుమ మండిన మంట పొగతో ఆ అడుగు గడ్డి నల్లబడి, పురుగు పట్టకుండా, కుళ్లకుండా నిలిచింది. వృక్షశాస్త్రజ్ఞులు ఆ పొరల్లో నుంచి మధ్యయుగపు గోధుమ కంకులను, రై అనే ధాన్యపు కంకులను, వాటితో పాటు పెరిగిన కలుపును కూడా బయటికి తీశారు. ఇప్పటి పొట్టి గోధుమల పక్కన పెడితే ఆ మొక్కలు చాలా పొడవుగా, ఒకే చేనులో రకరకాలుగా ఉండేవని తేలింది. ఒక్కసారి ఆలోచించండి. చీడల నుంచి, కరువు నుంచి తప్పించుకోవడానికి రైతు ఒకే చేనులో ఎన్ని రకాలు కలిపి పెంచాడో చెప్పే నమూనా, కప్పు మార్చే కూలివాడి పారతో ఒక పూటలో చెత్తకుప్పకు చేరిపోగలదు.

కలప సంగతి కూడా అంతే. చెట్టు వలయాల వెడల్పును పోల్చి దూలం వయసు లెక్కగట్టే పద్ధతికి పునాది వేసినది అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఎ. ఇ. డగ్లస్. ఆరిజోనాలో 1929లో దొరికిన ఒక మాడిన దూలం ముక్క ఆయన పేర్చిన వలయాల వరుసలో మిగిలిపోయిన ఖాళీని పూడ్చింది, దాంతో ఆ ప్రాంతపు మూలవాసులైన ప్యూబ్లో రైతుల పల్లెలు ఏ ఏట కట్టినవో చెప్పడం సాధ్యమైంది. దూలం మీద బెరడు అంచు మిగిలి ఉంటే చెట్టును ఏ ఏడాది, ఒక్కోసారి ఏ రుతువులో కొట్టారో కూడా తెలుస్తుంది. ఈ సంగతి తెలియక, నునుపు చేయని ఆ అంచు మోటుగా ఉందని చిత్రిక పట్టించేవారిని చూశాను. ఇంగ్లండ్ కొట్టాల దూలాల చివర్లలో వడ్రంగులు గీసిన గీతల గుర్తులు కనిపిస్తాయి. కలపను ముందు నేల మీద పరచి, అతుకులు సరిచూసి, ఏ దూలం ఏ స్తంభంలో దిగాలో గుర్తులు పెట్టి, ఆ తర్వాతే పైకి లేపేవారు. సున్నం వేసి, రంగు కొట్టి ఆ గుర్తులను మూసేస్తే ఆ పని జరిగిన తీరు చెప్పేవారు ఉండరు.

ఇక్కడ మరొక చేదు నిజాన్ని కూడా చెప్పాలి. ఏ లోగిలి నిలిచింది, ఏది కూలింది అన్నది యాదృచ్ఛికం కాదు. స్వీడన్‌లోని హెల్సింగ్‌లండ్ ప్రాంతంలో గోడల నిండా చిత్రాలున్న ఏడు రైతు గృహాలను 2012లో ప్రపంచ వారసత్వంగా గుర్తించారు. అవిసె, అడవి, పశువుల మీద వచ్చిన ఆదాయంతో స్థిరపడిన స్వతంత్ర రైతులు అవి కట్టుకున్నారు. ఆ ఇళ్లలో అందంగా అలంకరించిన గదులు పండుగలకూ శుభకార్యాలకూ మాత్రమే తెరిచేవి. రోజూ వాడిన గదులు అరిగి, మారిపోయాయి. అరుదుగా తలుపు తీసినవి చెక్కుచెదరకుండా మిగిలాయి. వారసత్వం పేరుతో మనం చూసేదాంట్లో చాలా భాగం ఇలా వాడకం తక్కువైనందువల్ల మిగిలినదే. ఆ ఇళ్లలో పాలు పితికిన పనిమనుషులు పడుకున్న చోటు ఎక్కడ అని అడిగితే జవాబు కోసం వెతుక్కోవలసి వస్తుంది.

అమెరికాలో 1862 మే 20న అబ్రహాం లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం కింద దరఖాస్తు చేసినవారికి 160 ఎకరాలు ఇచ్చారు. అయిదేళ్లు అక్కడే ఉండాలి, ఇల్లు కట్టాలి, సాగు చేయాలి, అప్పుడే పట్టా. అంటే ఆ గడ్డి మైదానాల మధ్య, కలప దొరకనిచోట గడ్డివేళ్లతో సహా మట్టి గడ్డలు కోసి పేర్చుకున్న చిన్న గుడిసె, నివాసంతో పాటు ఆ కుటుంబానికి చట్టం ముందు సాక్ష్యం కూడా. 1863 జనవరి 1న నెబ్రాస్కాలో తొలి దరఖాస్తు చేసిన డేనియల్ ఫ్రీమన్ భూమినే 1936లో జాతీయ స్మారక స్థలంగా ప్రకటించారు. ఆ చట్టం కింద పంచిన భూమి అప్పటికి ఎన్నో తరాలుగా అక్కడి మూలవాసుల వేటకూ నివాసానికీ ఆధారమైన నేల. ఆ గుడిసెను కాపాడటం న్యాయమే. దాని ముందు నిలబెట్టే ఫలకంలో ఈ రెండో మాట లేకపోతే ఆ కాపాడటం అబద్ధానికి సహాయపడుతుంది.

చట్టాలు ఈ విషయాన్ని ఆలస్యంగానైనా పట్టుకున్నాయి. బ్రిటన్‌లో 1882లో వచ్చిన తొలి పురాతన కట్టడాల రక్షణ చట్టం జాబితాలో ఎక్కువభాగం చరిత్ర పూర్వ కాలపు రాళ్లు, దిబ్బలే. పాత ఇళ్లను జాబితాల్లో చేర్చడానికి పునాది వేసినది 1940లలో వచ్చిన పట్టణ, గ్రామీణ ప్రణాళిక చట్టాలు. ఇంగ్లండ్‌లో ఇప్పుడున్న నియమం ఒకటి నాకు బాగా నచ్చింది. రక్షిత జాబితాలో ఉన్న ఇంటి ఆవరణలో 1948 జూలై 1కి ముందు నుంచీ ఉన్న కట్టడాలను ఆ ఇంట్లో భాగంగానే లెక్కిస్తారు. కొట్టం, ప్రహరీ, పెరటి గోడ వేరే జాబితాకు ఎక్కక్కర్లేదు, ఇంటితో పాటే వాటికీ రక్షణ దొరుకుతుంది. ఆవరణ ఎంత మేర అన్నదాని మీద కోర్టుల్లో వాదాలు నడిచిన మాట నిజమే అయినా, మూల సూత్రం సరైనది. అంతర్జాతీయ స్థాయిలో, పాత కట్టడాల సంరక్షణ కోసం పనిచేసే ఐకోమోస్ సంస్థ సామాన్యుల కట్టడాల వారసత్వం మీద 1999లో మెక్సికోలో ఒక ఒప్పందపత్రాన్ని, గ్రామీణ భూదృశ్యాల మీద 2017లో న్యూఢిల్లీలో మరో పత్రాన్ని ఆమోదించింది. రెండింటి సారమూ కట్టడాన్ని దాని పరిసరం నుంచి, వాడకం నుంచి విడదీయవద్దనే.

విడదీసి కాపాడటంలో ఉన్న మంచిచెడ్డలు మ్యూజియంలకు తెలుసు. నార్వే రాజధాని శివారు బిగ్డోయ్‌లో 1881లో రాజు ఆస్కార్ పాత కట్టడాలను తెప్పించి ఒకచోట నిలిపారు. 1891లో స్టాక్‌హోమ్‌లో ఆర్థర్ హజీలియస్ స్కాన్‌సెన్ ఆరుబయటి మ్యూజియాన్ని తెరిచారు. ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో జలాశయం కింద మునిగిపోవలసిన బేలీఫ్ అనే మధ్యయుగపు రైతు గృహాన్ని దూలం దూలం విప్పి వీల్డ్ అండ్ డౌన్‌లండ్ మ్యూజియంలో తిరిగి నిలబెట్టారు. వేరే దారి లేనప్పుడు ఇదే దారి, దాన్ని తప్పుపట్టలేం. కానీ జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్‌లో, గూటాక్ ఊరి దగ్గర 1612 నాటి ఫోగ్ట్స్‌బావర్న్‌హోఫ్ తన సొంత స్థలంలోనే నిలిచి ఉంది. దాని చుట్టూ ఇతర చోట్ల నుంచి తెచ్చిన ఇళ్లను నిలిపారు. తన వాలు, తన నీరు, తన గాలి ఉన్నచోటే నిలిచిన ఇంటికీ, ఎంత జాగ్రత్తగానైనా తరలించిన ఇంటికీ ఉన్న తేడా అక్కడ ఒకే ఆవరణలో కనిపిస్తుంది.

లోగిలిని కాపాడాలనే వారికి యజమానుల మాట కూడా వినే ఓపిక ఉండాలి. పాత కొట్టంలో ట్రాక్టర్ పట్టదు, గాదెకు వాడకం లేదు, గడ్డి కప్పు నేసే మనిషి దొరకడు, దొరికినా ఖర్చు భరించలేం అని వారు చెప్పేది నిజం. కొట్టాన్ని నివాసంగానో, పనిచోటుగానో మార్చుకోవడం కూలగొట్టడం కంటే నయం. మారుస్తున్నప్పుడు అడ్డుగోడలు పెట్టి లోపలి విశాలతను ముక్కలు చేయకుండా, పాత అతుకులు కనిపించేలా ఉంచితే చాలు. 1979లో ఆస్ట్రేలియాలో వారసత్వ స్థలాల సంరక్షణ మీద రూపొందిన బర్రా ఒప్పందం చెప్పేది కూడా ఇంతే, అవసరమైనంత మార్పు, వీలైనంత తక్కువ మార్పు. మరమ్మతు పేరుతో చేసే పొరపాట్లలో ఒకటి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. సున్నపు గోడలు, మట్టి గోడలు తేమను పీల్చుకుని మళ్ళీ గాలికి వదులుతాయి. వాటి మీద సిమెంటు పూత వేస్తే లోపలికి చేరిన తేమకు దారి మూసుకుపోతుంది, గోడ అడుగు పొడిబారినట్టే కనిపిస్తూ లోపల కరిగిపోతుంది, గోడలోకి దిగిన దూలాల చివర్లు కుళ్లుతాయి. అభిమానంతో చేసిన సిమెంటు పనికి బలైపోయిన ఇళ్లు నిర్లక్ష్యానికి బలైనవాటికి తీసిపోవని నా అభిప్రాయం.

ప్రతి లోగిలినీ నిలపమని అడగడం అత్యాశ అని నాకు తెలుసు. కూల్చక తప్పనప్పుడు దాని కొలతలైనా తీసి ఉంచమని అడగడం అత్యాశ కాదు. ఆవరణ మొత్తానికీ ఒక పటం గీయడానికి ఇద్దరు మనుషులకు ఒక రోజు చాలు. ఆ పటంలో ఇల్లు, కొట్టం, గాదె, బావి, దిబ్బ, చెట్లు, బండి దారి, నీరు పారే వాలు ఉండాలి. ప్రతి గదినీ ఆ ఇంటివారు ఏ పేరుతో పిలిచేవారో, ఏ మూల ఏ పని జరిగేదో పెద్దవారిని అడిగి రాయాలి. పేర్లు గోడల కంటే ముందే పోతాయి. కప్పు విప్పేటప్పుడు అడుగు పొర గడ్డి గుప్పెడు, పచ్చి ఇటుక ఒకటి, బెరడు అంచు ఉన్న దూలం ముక్క ఒకటి పొడిగా, చీటీ కట్టి దాచితే, వాటిని చదవగల మనిషి ఎప్పుడో ఒకనాడు వస్తాడు.

చివరగా తమకు ఒక విన్నపం. ఈసారి మీ ఛాయాచిత్రకారులు అలాంటి ఇంటికి వెళ్లినప్పుడు సింహద్వారం దగ్గర ఆగకుండా పెరటి గుమ్మం దాటి వెనక్కి వెళ్లమని చెప్పండి. కొట్టం ఇంకా ఉంటే దాని బొమ్మ కూడా అచ్చు వేయండి. లేకపోతే అది ఉండిన చోటును చూపించి, అక్కడ ఏముండేదో ఇంటివారిని అడిగి ఒక వాక్యం రాయండి.

ఇట్లు
తమ పాఠకుడు